నీట్ పీజీనా, యూఎస్‌ఎంఎల్‌ఈనా: మన జిల్లాల ఎంబీబీఎస్ విద్యార్థికి ఏది మేలు?

శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలోనో, రాగోలు జెమ్స్‌లోనో, నెల్లిమర్ల మిమ్స్‌లోనో ఇంటర్న్‌షిప్ చేస్తున్నవారికి ఒక ప్రశ్న తప్పదు. ఇక్కడే నీట్ పీజీ రాసి ఎండీ, ఎంఎస్ సీటు తెచ్చుకోవాలా, అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ దాటి అక్కడ రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో చేసే పీజీ శిక్షణకు ప్రయత్నించాలా? రెండూ కష్టమైనవే కాని, అవి విద్యార్థి నుంచి కోరేవి ఒకటి కావు.

నీట్ పీజీ ఒక్క రోజు పరీక్ష. మూడున్నర గంటల్లో 200 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. 2024 నుంచి ప్రశ్నపత్రాన్ని భాగాలుగా విడగొట్టి, ఒక భాగం సమయం ముగిశాక మళ్లీ దానిలోకి వెళ్లే వీలు లేకుండా చేశారు. కష్టమైన ప్రశ్నలను చివరికి వదిలిపెట్టే పాత అలవాటు ఇప్పుడు నష్టం చేస్తుంది. అందుకే గ్రాండ్ టెస్టులను (పూర్తి నిడివి నమూనా పరీక్షలను) కూడా అదే కాలపరిమితితో రాయడం అవసరం. ఇంటర్వ్యూ లేదు, సిఫారసు లేఖలు అక్కరలేదు. ఈ ఏడాది ర్యాంకు నచ్చకపోతే వచ్చే ఏడాది మళ్లీ రాయవచ్చు. ఇదే చదువుతో, ఏడాదికి రెండుసార్లు జరిగే ఐఎన్‌ఐ సెట్ రాసి ఎయిమ్స్, జిప్‌మర్ వంటి సంస్థలకూ పోటీపడవచ్చు. నీట్ పీజీలో బాధ తేదీలది: 2024 జూన్ 23న జరగవలసిన పరీక్షను ముందు రాత్రి వాయిదా వేసి, ఆగస్టు 11న నిర్వహించారు. ఆ ఒకటిన్నర నెలలో ఎందరో పిల్లల పట్టు సడలింది. కనుక తేదీని నమ్ముకుని కాక, ఎప్పుడు పెట్టినా రాయగలిగేలా పునశ్చరణను ఏర్పాటు చేసుకోవాలి.

యూఎస్‌ఎంఎల్‌ఈ తీరు వేరు. ఇది స్టెప్పులుగా జరుగుతుంది: స్టెప్ 1 ప్రాథమిక వైద్యశాస్త్రాల మీద, స్టెప్ 2 సీకే రోగులకు చేసే వైద్యం మీద. 2022 జనవరి నుంచి స్టెప్ 1కు స్కోరు ఇవ్వడం లేదు, ఉత్తీర్ణతే చూస్తారు. దాంతో బరువంతా స్టెప్ 2 సీకే మీద పడింది. ఒకసారి ఉత్తీర్ణులైతే ఎక్కువ స్కోరు కోసం మళ్లీ రాయనివ్వరు, పరీక్ష తప్పితే ఆ సంగతి రికార్డులో నిలిచిపోతుంది. అంటే సిద్ధం కాకుండా రాయడం ఇక్కడికంటే అక్కడ చాలా ప్రమాదకరం. ఖర్చు చూస్తే నీట్ పీజీకి దరఖాస్తు రుసుము కొన్ని వేల రూపాయలు, అక్కడ స్టెప్ 1 ఒక్కదానికే వెయ్యి డాలర్ల పైమాట. దరఖాస్తులు, ఓఈటీ ఆంగ్ల పరీక్ష, వీలైతే అమెరికా ఆసుపత్రుల్లో కొంతకాలం పని, వీసా ఖర్చులు అదనం.

అసలు తేడా ఇంటర్వ్యూలో ఉంది. మన చదువులో పదో తరగతి నుంచి ఎంబీబీఎస్ దాకా మనల్ని మార్కులతోనే తూచారు తప్ప, నువ్వెవరివి, ఈ విభాగమే ఎందుకు అని కూర్చోబెట్టి అడిగినవారు లేరు. రెసిడెన్సీ ఇంటర్వ్యూలో మొదట అడిగేవి అవే. బట్టీపట్టిన జవాబు రెండో ప్రశ్నకే బయటపడుతుంది. అయితే చెప్పుకోదగిన అనుభవం మన పిల్లల దగ్గర లేక కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చే మూత్రపిండ రోగులను చూసిన ఇంటర్న్‌కు, కారణం తేలని జబ్బుతో ఒక ప్రాంతం ఎలా కుంగిపోతుందో కళ్లారా తెలుసు. ఫలానా రోగి, తాను చేసిన పని, దాని నుంచి నేర్చుకున్నది అనే వరుసలో ఆ అనుభవాన్ని ఆంగ్లంలో రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. రోగి వివరాలు బయటపడకుండా, ఇంటర్న్‌షిప్ రోజుల్లోనే ఇలాంటివి ఓ పుస్తకంలో రాసుకోవాలని నా సలహా. ఇంటర్వ్యూలు ఎక్కువగా వీడియోలోనే జరుగుతున్నాయి. న్యూయార్క్‌లో చలికాలం ఉదయం 9 అంటే మనకు రాత్రి 7:30. కరెంటు, నెట్ పోతే వెంటనే వాడుకోవడానికి రెండో ఏర్పాటు ఉండాలి.

హైదరాబాద్ హాస్టల్‌లో ఉండాలా, ఇంట్లో చదవాలా అన్నది చిన్న విషయం. పాఠాలన్నీ ఫోన్‌లో దొరుకుతున్నాయి. ఇంట్లో రోజుకు ఎనిమిది గంటలు అంతరాయం లేకుండా కూర్చోగలిగితే ఇల్లే చాలు. పెళ్లిళ్లు, పండుగలు, చుట్టాలు ఆగని ఇల్లయితే వెళ్లడమే మంచిది.

నా తీర్పు ఇది. ఇంటి బాధ్యతలు భుజాన ఉన్నవారికీ, ఈ ప్రాంతంలోనే వైద్యం చేయాలనుకునేవారికీ నీట్ పీజీయే మేలు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. జనరల్ మెడిసిన్ తరువాత నెఫ్రాలజీ చదివినవారికి ఇక్కడ పనికి కొదవ ఉండదు. మూడో ఏడాదిలోనే నిర్ణయించుకుని, చదువు మధ్యలోనే స్టెప్ 1 పూర్తిచేసి, ఒకసారి మ్యాచ్ కాకపోయినా (రెసిడెన్సీ సీటు దక్కకపోయినా) మరో ఏడాది ఆగగల స్థితి ఉన్నవారు అమెరికా వైపు చూడవచ్చు. ఇంటర్న్‌షిప్ ముగిశాక రెండు పడవల మీద కాళ్లు పెట్టడం మాత్రం వద్దు: నీట్ పీజీకి వేగం కావాలి, స్టెప్ 2కు పొడవైన కేసును ఓపికగా చదివి నిర్ణయం తీసుకోవడం రావాలి. ఒకే ఏడాదిలో రెండింటికీ చదివితే ర్యాంకూ తగ్గుతుంది, మళ్లీ మార్చుకోలేని స్కోరూ తగ్గుతుంది.