పడమటి కిటికీ ఎదుట గండికోట: ఆరేళ్ల తర్వాత ఇంకు, పేపరు సంగతి

2017లో గండికోటలో పెన్నా లోయ ఫొటో తీశాను. పొద్దు వాలే వేళ, ఎర్రరాయి నిప్పులా వచ్చింది. నాన్నకు ఆ చోటంటే ప్రాణం. ఏ3 సైజులో ప్రింట్ చేయించి, కడపలో మా హాల్లో పడమటి కిటికీకి ఎదురుగోడకు తగిలించాను. డై ఇంకు, మెరిసే ఫొటో పేపరు, అద్దం వేయించలేదు. రెండో ఎండాకాలం దాటేసరికి రాళ్లు పసుపుపచ్చగా వెలిసిపోయాయి. అదే రోజు వేసిన ఇంకో కాపీ బీరువాలో, ఆల్బమ్‌లో చెక్కుచెదరలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నిజంగా బాధేసింది.

ప్రింటులో ఎరుపంటే మెజెంటా (ముదురు గులాబీ ఇంకు), పసుపు కలిసినదే. మెజెంటా ముందు పోయిందన్నమాట. ఎండ ఒక్కటే కాదు, గాలి కూడా కారణమే. ఇంకు పడగానే ఆరిపోయే ఫొటో పేపర్ల పూత నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. గాలిలోని ఓజోన్ వాటిలోకి దూరి డై రంగును తినేస్తుంది. కనీసం అద్దమైనా వేయించి ఉండాల్సింది.

2019లో పిగ్మెంట్ ఇంకు ప్రింటర్ కొని, అదే ఫొటోను 308 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) కాటన్ పేపరు మీద వేసి, ఈసారి అద్దంతో పటం కట్టించి అదే గోడకు పెట్టాను. డై ద్రవంలో కరిగిపోయే రంగు. పిగ్మెంట్ కరగని సన్నటి రేణువులు, అందుకే వెలుతురుకూ గాలికీ బాగా ఓర్చుకుంటుంది. ఆరేళ్లయింది, ఎరుపు అలాగే ఉంది. పేపరు తెలుపు మాత్రం కాస్త మీగడ రంగుకు తిరిగింది. తెల్లగా కనిపించడానికి అందులో కలిపిన బ్రైటెనర్ వెలుతురుకు చచ్చిపోతుంది. ఇప్పుడు బ్రైటెనర్ లేని పేపరే కొంటున్నాను, మొదట్లో కాస్త పసుపుగా అనిపించినా సరే.

మధ్యలో ఒకసారి చవక రీఫిల్ ఇంకు పోశాను. సీసా మీద పిగ్మెంట్ అనే ఉంది. రంగుల పట్టీ ఒకటి వేసి, సగం అల్యూమినియం రేకుతో కప్పి కిటికీకి అంటించాను. ఒక్క ఎండాకాలానికే కప్పని సగం వెలిసిపోయి, రేకు అంచు దగ్గర గీత గీసినట్టు తేడా తెలిసింది. ఎవరైనా ఇంట్లో చేసుకోగల పరీక్ష ఇది, తప్పకుండా చేయండి.

ఇబ్బందులూ ఉన్నాయి. మెరుపు లేని మ్యాట్ పేపరు మీద గోరు తగిలితే గీత పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ప్రింటర్‌లో ఇంకు చిమ్మే నాజిల్స్ ఎండిపోతాయి, వారానికొక చిన్న కలర్ పేజీ వేయాల్సిందే. ప్రింటును ఒక రోజైనా ఆరనివ్వకుండా పటం కడితే అద్దం లోపల మసక పడుతుంది.

ఆల్బమ్‌లో పెట్టుకునే ఫొటోలకు మాత్రం ఇప్పటికీ డై ఇంకే వాడుతున్నాను. మెరుపు పేపరు మీద ఆ నలుపు లోతు నాకు చాలా ఇష్టం.