ఫైన్‌వెర్క్‌బావ్ 800: ఏళ్ల వాడకం తర్వాత అరిగేవి, అరగనివి

పది మీటర్ల పోటీలకు వాడే ఫైన్‌వెర్క్‌బావ్ 800 ఎయిర్ రైఫిల్ నా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. కొత్తలో రాసే సమీక్షలు దాని గురినీ, ట్రిగ్గర్ తేలికదనాన్నీ పొగుడుతాయి; ఆ పొగడ్తకు అది తగినదే. అయితే ఇంత ఖరీదు పెట్టి కొనేవారు, ముఖ్యంగా ఒకరు వాడినదాన్ని కొనేవారు తెలుసుకోవలసినది వేరే ఉంది: ఇందులో ఏవి అరుగుతాయి, వాటిలో వేటిని ఇంట్లోనే మార్చుకోవచ్చు, వేటి జోలికి పోకూడదు.

గుండు పక్కకు పోతే మన అనుమానం మొదట బ్యారెల్ మీదికే వెళుతుంది. కానీ సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల వేగంతో పోయే మెత్తని సీసపు పెల్లెట్ ఉక్కు బ్యారెల్‌ను అరగదీయడానికి దశాబ్దాలు చాలవు. దానికి చేటు తెచ్చేది వాడకం కంటే అతి శుభ్రతే. మూతి వైపు నుంచి ఇనుప కడ్డీ దూర్చి అంచు గీసుకుపోయేలా తోమేవారిని రేంజ్‌లో ఇప్పటికీ చూస్తుంటాను. శుభ్రపరిచే ఫెల్ట్ గుళికలను రెండేసి చొప్పున వెనక నుంచి పెట్టి కాల్చితే చాలు. ఆ తర్వాత లోపల సీసం మళ్లీ సమంగా పరుచుకునేదాకా లక్ష్యం మీద మొదటి కొన్ని పెల్లెట్లు పడిన గుంపును చూసి తొందరపడి గురి సరిచేసే సైట్ తిప్పకూడదు.

నిజంగా అరిగేవి రబ్బరు రింగులు. పెల్లెట్ పెట్టి లివర్ మూసినప్పుడు బ్యారెల్ వెనక అంచు దగ్గర గాలి బయటికి పోకుండా ఆపే ఓ-రింగ్ అన్నిటికంటే ముందుగా దెబ్బతింటుంది. పెల్లెట్ వంకరగా కూర్చున్నప్పుడు దాని పలుచని పాదం ఆ రింగును నొక్కేస్తుంది; టార్చి వెలుగులో చూస్తే ఒకచోట గోటితో గిల్లినట్టు చిన్న నొక్కు కనిపిస్తుంది. ఆ నొక్కు ఖరీదెంతో లెక్క వేసి చూడండి. వేగం సెకనుకు 172 నుంచి 167 మీటర్లకు పడితే పెల్లెట్ లక్ష్యం దగ్గర దాదాపు ఒక మిల్లీమీటరు కిందికి దిగుతుంది. పాయింటును పదో వంతుల దాకా లెక్కించే దశాంశ లెక్కలో 0.1 పాయింటుకు దూరం 0.25 మిల్లీమీటరు మాత్రమే కాబట్టి, చేతి తప్పేమీ లేకుండానే 0.4 పాయింటు పోతుంది. వేగం ఒకే తీరుగా తగ్గితే సైట్ సర్దుకోవచ్చు గానీ, చెడిన రింగు ఒక షాట్‌కు ఒకలా, మరో షాట్‌కు ఇంకోలా గాలి వదులుతుంది. అందుకే గుంపు నిలువుగా సాగుతుంది.

రింగు మార్చడం పెద్ద పనేమీ కాదు. ముందుగా గాలి నింపే సిలిండర్ విప్పి, రైఫిల్‌లో మిగిలిన గాలిని పూర్తిగా వదిలేయాలి. పాత రింగును వెదురు పుల్లతోనో, ప్లాస్టిక్ కొక్కెంతోనో తీయాలి తప్ప సూదితో తీయకూడదు, ఎందుకంటే గాడిలో గీత పడితే ఎన్ని కొత్త రింగులు వేసినా గాలి కారుతూనే ఉంటుంది. ఒక మరమ్మతుదారు చేతిలో నాకు సరిగ్గా ఇదే జరిగింది, ఆ భాగాన్నే మార్పించుకోవలసి వచ్చింది. కొత్త రింగుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే సరిపోతుంది. అధిక పీడన గాలి తగిలే చోట మామూలు మిషన్ నూనె వేయడం ప్రమాదకరం, అది అంటుకునే అవకాశం ఉంది. సిలిండర్ బిగించే చోట ఉండే రింగుకూ ఇదే పద్ధతి.

సిలిండర్ గాలిని ప్రతి షాట్‌కూ ఒకే పీడనంతో అందించే రెగ్యులేటర్ సంగతి అలా కాదు. పోటీలో 60 షాట్లకు 75 నిమిషాలు ఉంటాయి గనుక మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగుతాం. అలా ఆగి కాల్చిన మొదటి షాట్ ప్రతిసారీ పైకి పోయి, తర్వాతివి యథాస్థానంలో పడుతుంటే, ఆగిన సమయంలో లోపలి పీడనం మెల్లగా పెరుగుతోందని అర్థం. దీన్ని నిపుణుడి బల్ల మీదికి పంపవలసిందే. ఈ లక్షణాన్ని తమ శ్వాసదోషంగా భావించి నెలల తరబడి సాధన మార్చుకున్నవారు నాకు తెలుసు.

రెగ్యులేటర్‌ను పాడుచేసేది ఎక్కువగా తేమ. వర్షాకాలంలో చేతిపంపుతో 200 బార్ పీడనం దాకా నింపితే గాలితో పాటు నీటి ఆవిరీ లోపలికి చేరుతుంది. హైదరాబాద్‌లోనే ఇలా ఉంటే విశాఖ, కాకినాడ వైపు ఇంకా జాగ్రత్త అవసరం. ఫిల్టరున్న కంప్రెసర్‌తో నింపిన పెద్ద సిలిండర్ నుంచి, అదీ నెమ్మదిగా నింపుకోవడం మేలు. తొందరపడి నింపితే గాలి వేడెక్కి గేజ్ ఎక్కువ చూపించి, చల్లారాక ముల్లు కిందికి దిగుతుంది.

ట్రిగ్గర్‌కు నేను చేసిందల్లా దుమ్ము తుడవడమే. కుదుపును మింగే అబ్జార్బర్‌ను ఇంతవరకు విప్పలేదు, విప్పే అవసరమూ రాలేదు. నా ఫిర్యాదల్లా విడిభాగాల సరఫరా మీదే: నాకు రైఫిల్ అమ్మిన దిగుమతిదారు చిన్న రింగుల కోసం కూడా వారాల కొద్దీ తిప్పాడు. అందుకే జాతీయ పోటీల కాలానికి ముందే రెండు సెట్లు తెప్పించి, ఎండ తగలని డబ్బాలో ఉంచుకుంటాను.

అన్నిటికంటే పెద్ద ఖర్చు సిలిండర్. దాని మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది, దానికి తయారీదారు ఇచ్చే గడువు 10 ఏళ్లు. గడువు దాటని సిలిండర్ వాడే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ నిబంధనలు చెబుతున్నాయి; గడువు దాటినదానితో పరికరాల తనిఖీలో వాదించి లాభం లేదు, వాదించనూ కూడదు. వాడిన రైఫిల్ బేరమాడేటప్పుడు భుజానికి ఆనించే స్టాక్ మీది గీతలను వదిలేసి ముందుగా ఆ తేదీ చదవండి. గడువు దగ్గరపడి ఉంటే కొత్త సిలిండర్ ధర, ఒక రెగ్యులేటర్ సర్వీసు ఖర్చు తీసేసి ధర చెప్పండి. ఆ ధరకు వస్తే ఈ రైఫిల్‌ను నిస్సందేహంగా తీసుకోవచ్చు.