వెబ్‌లాజిక్ మీద హెచ్‌ఏ, డీఆర్: ఏళ్లు వాడాక నా మాట

వెబ్‌లాజిక్ అంటే జావా అప్లికేషన్లను నడిపే ఒరాకిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్. దాని గురించి ముందే తేల్చి చెప్పేస్తాను. ఒక డేటా సెంటర్ లోపల ఓ సర్వర్ పడిపోతే యూజర్‌కి తెలియకుండా నెట్టుకొచ్చే పనిలో వెబ్‌లాజిక్‌కి మంచి మార్కులే వేస్తాను. డేటా సెంటర్ మొత్తం పోతే ఏం చేయాలన్నది మాత్రం చాలావరకు మన నెత్తినే ఉంటుంది. మొదటిది హై అవైలబిలిటీ, అంటే హెచ్‌ఏ. రెండోది డిజాస్టర్ రికవరీ, డీఆర్. క్లస్టర్ (ఒక్కటిగా పనిచేసే సర్వర్ల గుంపు) లైసెన్స్ కొన్నాం కాబట్టి రెండూ వచ్చేశాయనుకునే మేనేజర్లు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు.

నేను మిడిల్‌వేర్ అడ్మిన్‌ని. వెబ్‌లాజిక్ 11జీ వెర్షన్ రోజుల నుంచి 12సీ మీదుగా 14 దాకా ఇదే నా పని. మాది అప్పులిచ్చే ఫైనాన్స్ సంస్థ. ప్రధాన సైట్ ముంబైలో, డీఆర్ హైదరాబాద్‌లో. సముద్రానికి దూరం, భూకంపాల ముప్పు తక్కువ, పైగా అర్ధరాత్రి ఫోన్ చేస్తే లేచి వచ్చే మనుషులు దొరుకుతారు. అందుకే ఈ జోడీ మన దగ్గర కొత్తేమీ కాదు. మా అప్లికేషన్ పాత ఘటం: ఈజేబీలు (పాత తరహా జావా భాగాలు), జేఎంఎస్ క్యూలు (మెసేజ్‌ల వరుసలు), రెండు డేటాబేస్‌లను ఒకే లావాదేవీగా కలిపి నడిచే ఎక్స్‌ఏ ట్రాన్సాక్షన్లు. ఇలాంటిది మీ దగ్గరా ఉంటేనే ఈ సమీక్ష మీకు పనికొస్తుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కాబట్టి ముందు క్లస్టర్ సంగతి. కొనేవాళ్లు మొదట చూడాల్సింది ఎడిషన్. స్టాండర్డ్ ఎడిషన్‌లో క్లస్టరింగ్ ఉండదు, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ తీసుకోవాలి. వెనక ఆర్‌ఏసీ డేటాబేస్ (ఒకే డేటాబేస్‌ని పలు సర్వర్లు, అంటే నోడ్లు, కలిసి నడిపేది) ఉండి, దాని నోడ్లు పడటం లేవడం పసిగట్టే యాక్టివ్ గ్రిడ్‌లింక్ కూడా కావాలంటే సూట్ దాకా వెళ్లాలి. డిజైన్ డాక్యుమెంట్‌లో గీసిన బొమ్మకీ పర్చేజ్ ఆర్డర్‌లో ఉన్న లైన్‌కీ పొంతన ఉందో లేదో సంతకం పెట్టకముందే చూసుకోండి.

సెట్టింగులు చూసుకునే అడ్మిన్ సర్వర్ పడిపోతే అంతా పోయిందని కొత్తగా చేరినవాళ్లు కంగారు పడతారు. ఏమీ పోదు. అప్లికేషన్‌ని నడిపే మేనేజ్డ్ సర్వర్లు నడుస్తూనే ఉంటాయి. కాన్ఫిగరేషన్ మార్చడం, కొత్తగా డిప్లాయ్ చేయడం మాత్రం ఆగుతాయి. అడ్మిన్ లేకుండా మేనేజ్డ్ సర్వర్‌ని రీస్టార్ట్ చేసినా తన దగ్గరున్న కాపీ చూసుకుని లేస్తుంది. నాకు ఈ ప్రొడక్ట్‌లో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. హెచ్‌ఏ డబ్బంతా అడ్మిన్ సర్వర్ మీద పోసి, మేనేజ్డ్ సర్వర్లన్నీ ఒకే ఫిజికల్ హోస్ట్ మీదున్న రెండు వీఎంలలో (వర్చువల్ మెషిన్లలో) పెట్టిన డిజైన్లు చూశాను. అలా చేస్తే డబ్బు దండగ.

యూజర్ మధ్యలో ఉన్న పని వివరాలను, అంటే సెషన్‌ని, రెండు చోట్ల ఉంచే సెషన్ రెప్లికేషన్ పద్ధతి తేలిక. యూజర్ సెషన్ ఒక సర్వర్‌లో ప్రైమరీగా, వేరే మెషిన్ మీదున్న ఇంకో సర్వర్‌లో సెకండరీగా ఉంటుంది. ఆ రెండూ ఎవరెవరో కుకీలోనే రాసి ఉంటుంది. ప్రైమరీ పోతే ముందున్న వెబ్ సర్వర్ ప్లగిన్ కుకీ చూసి సెకండరీకి పంపేస్తుంది. ఇది నిజంగానే పనిచేస్తుంది, అప్లికేషన్ సహకరిస్తే. సెషన్‌లో పెట్టిన ప్రతి ఆబ్జెక్టూ సీరియలైజబుల్ (ఇంకో సర్వర్‌కి పంపగలిగే రూపంలోకి మారేది) అయి ఉండాలి. లోపల విలువ మార్చాక మళ్లీ సెట్ యాట్రిబ్యూట్ పిలవాలి, లేకపోతే ఆ మార్పు సెకండరీకి చేరదు. మాకు అప్లికేషన్ రాసిచ్చిన వెండర్ ఈ రెండూ పట్టించుకోలేదు. అది చాలదన్నట్టు కస్టమర్ అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లను కూడా సెషన్‌లోనే కుక్కాడు. లోన్ ఫారం మూడో పేజీలో ఉన్నవాళ్లు ఫెయిలోవర్ అవగానే మొదటి పేజీకి వచ్చి పడేవారు. క్లస్టర్ సెట్టింగులు ఎంత తిప్పినా ఇది బాగుపడదు, కోడ్ మార్చాల్సిందే. కాబట్టి యూజర్ అంగీకార పరీక్షల్లోనే, ఫారం సగం నింపి ఉండగా సర్వర్‌ని కిల్ చేసి చూడాలని కాంట్రాక్ట్‌లో రాయించుకోండి.

డబ్బు వ్యవహారాలున్నవాళ్లు తప్పకుండా చూడాల్సిన సెట్టింగ్ ఒకటుంది: ప్లగిన్‌లోని ఐడెంపొటెంట్. ఇది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. సర్వర్ నిర్ణీత సమయంలో, అంటే డిఫాల్ట్‌గా 300 సెకన్లలో, జవాబివ్వకపోతే ప్లగిన్ అదే రిక్వెస్ట్‌ని ఇంకో సర్వర్‌కి పంపుతుంది. పేజీ చూపించే రిక్వెస్ట్ అయితే ఇది వరమే. ఈఎంఐ కట్టే రిక్వెస్ట్ అయితే? మొదటి సర్వర్ నెమ్మదిగానైనా పని పూర్తి చేసి, రెండోది కూడా చేసేస్తే కస్టమర్ ఖాతాలో రెండు కోతలు. డాక్యుమెంటేషన్‌లో ఇది స్పష్టంగానే ఉంది, చదివేవాళ్లే తక్కువ. పేమెంట్ దారులకు విడిగా లొకేషన్ బ్లాక్ రాసి దాన్ని ఆఫ్ చేస్తాను. అది కూడా సగం వైద్యమే. ప్రతి లావాదేవీకి ఒక యూనిక్ నంబర్ ఉండి, అదే నంబర్ రెండోసారి వస్తే డేటాబేసే తిప్పికొట్టాలి.

క్లస్టర్ తట్టుకోలేని జబ్బు ఇంకోటుంది: సర్వర్ చావదు, పని మాత్రం చేయదు. క్రెడిట్ బ్యూరోకో ఇంకెవరికో చేసే కాల్‌కి టైమౌట్ పెట్టలేదనుకోండి, అవతలివాళ్లు మొరాయించగానే థ్రెడ్లు (సర్వర్ లోపల రిక్వెస్ట్‌లను మోసే పనివాళ్లు) ఒక్కొక్కటే ఇరుక్కుంటాయి. ఒక థ్రెడ్ ఇరుక్కుందని వెబ్‌లాజిక్ గుర్తించడానికి డిఫాల్ట్ గడువు 600 సెకన్లు. ఈలోగా లోడ్ బ్యాలెన్సర్ బుద్ధిగా రెండో నోడ్‌కి జనాన్ని పంపుతుంది, అక్కడున్నదీ అదే కోడ్, అదీ ఇరుక్కుంటుంది. నోడ్లు ఎన్ని పెంచినా కొంచెం ఆలస్యంగా పడతాయంతే. బయటికి వెళ్లే ప్రతి కాల్‌కీ కనెక్ట్ టైమౌట్, రీడ్ టైమౌట్ పెట్టించడం, హెల్త్ చెక్ పేజీ నిజంగా డేటాబేస్‌ని తాకి రావడం, ఈ రెండు పనులతో మాకు వచ్చిన లాభం మూడో నోడ్‌తో రాలేదు.

సర్వర్ మొత్తాన్ని ఐపీతో సహా ఇంకో మెషిన్ మీదికి తరలించే హోల్ సర్వర్ మైగ్రేషన్ మీద నాకు పెద్ద మోజు లేదు. వీఎంలు వాడే చోట వాటిని నడిపే హైపర్‌వైజరే ఆ మెషిన్‌ని ఇంకో హోస్ట్ మీద లేపుతుంది. జేఎంఎస్‌కీ, ట్రాన్సాక్షన్లు చూసే జేటీఏకీ ఆ సర్వీస్‌ని మాత్రమే తరలించే సర్వీస్ మైగ్రేషన్ చాలు.

ఇక రచ్చ. డీఆర్‌లో అసలు ప్రశ్న ఒక్కటే: అప్లికేషన్ గుర్తుపెట్టుకునే విషయాలు ఎక్కడెక్కడ ఉన్నాయి? మామూలుగా బిజినెస్ డేటా డేటాబేస్‌లో ఉంటుంది. జేఎంఎస్ మెసేజ్‌లు, ఎక్స్‌ఏ ట్రాన్సాక్షన్ల లాగ్ మాత్రం ఫైల్ స్టోర్‌లో, అంటే డిస్క్ మీది ఫైళ్లలో, ఉంటాయి. డేటాబేస్‌ని అవతలి సైట్‌కి ఒరాకిల్ వారి కాపీ సాధనం డేటా గార్డ్ మోస్తుంది, ఫైళ్లను స్టోరేజ్ రెప్లికేషన్ మోస్తుంది. రెండూ వేర్వేరు క్షణాల్లో అవతలికి చేరతాయి. అంటే డీఆర్‌లో లేపినప్పుడు కమిట్ చేయమని లాగ్ చెబుతున్న ట్రాన్సాక్షన్ డేటాబేస్‌లో కనపడదు, లేదా డేటాబేస్‌లో వేలాడుతున్న ట్రాన్సాక్షన్‌కి లాగ్‌లో దిక్కుండదు. రాత్రి మూడింటికి వీటిని ఒక్కోటీ చూసి తేల్చడం ఎవరికీ వద్దు.

12సీ నుంచి ట్రాన్సాక్షన్ లాగ్‌ని కూడా డేటాబేస్‌లో పెట్టుకోవచ్చు, జేఎంఎస్‌కి జేడీబీసీ స్టోర్ (మెసేజ్‌లను డేటాబేస్‌లోనే దాచే పద్ధతి) అంతకుముందే ఉంది. మొత్తం అక్కడికి మార్చేశాం. ఫైల్ స్టోర్ కంటే కాస్త నెమ్మది, డీబీఏలు గొణుగుతారు, అయినా నేను ఇదే సిఫార్సు చేస్తాను. డేటాబేస్‌ని అటు మార్చే ఒక్క స్విచోవర్‌తో డేటా, మెసేజ్‌లు, లాగ్ అన్నీ ఒకే క్షణానికి సరిపోయి హైదరాబాద్‌లో లేస్తాయి. ఇన్నేళ్లలో మా డీఆర్‌కి ఎక్కువ మేలు చేసిన నిర్ణయం ఇదే.

రెండు సైట్లనూ కలిపి ఒకే క్లస్టర్‌గా సాగదీద్దామని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. లెక్క వేసి చూపిస్తాను. ఫైబర్‌లో కాంతికి కిలోమీటర్‌కి దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది. 700 కిలోమీటర్ల కేబుల్ అనుకుంటే పోయి రావడానికే 7 మిల్లీసెకన్లు, రూటర్ల ఆలస్యం, కేబుల్ చుట్టుదారులు అదనం. సర్వర్ ఒక ఊళ్లో, డేటాబేస్ ఇంకో ఊళ్లో ఉండి ఒక పేజీ 200 ఎస్‌క్యూఎల్‌లు నడిపితే దారి ఖర్చే 1.4 సెకన్లు. సింక్ మోడ్‌లో డేటా గార్డ్ నడిపినా ప్రతి కమిట్ ఆ దూరం పోయి రావాల్సిందే. అందుకే మేం అవతలి జవాబు కోసం ఆగని ఏసింక్ ఎంచుకున్నాం. అంటే పోగొట్టుకోగల డేటా, ఆర్‌పీఓ, సున్నా కాదు, కొన్ని సెకన్లు. ఈ మాట బిజినెస్ వాళ్లతో ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. సున్నా కావాల్సిందే అంటే దగ్గర్లో, అదే నగరంలో ఇంకో కాపీ పెట్టడానికి డబ్బు తీయాలి.

ఇదే కారణంతో ముంబై అప్లికేషన్ సర్వర్లు ముంబై డేటాబేస్‌తోనే, హైదరాబాద్ సర్వర్లు హైదరాబాద్ డేటాబేస్‌తోనే మాట్లాడేలా కట్టాం. కనెక్షన్ స్ట్రింగ్‌లో రెండు సైట్ల అడ్రస్‌లూ ఇచ్చి, ఏది ప్రైమరీ అయితే దానికి తగులుకోనివ్వడం కూడా ఒక పద్ధతే, చాలామంది వాడతారు. నాకు మాత్రం సగం ఇక్కడ, సగం అక్కడ నడిచే వ్యవస్థ కంటే మొత్తం ఒకే చోట నడిచేదే మేలనిపిస్తుంది. కాన్ఫిగరేషన్‌లో ఎక్కడా ఐపీ ఉండదు, హోస్ట్ పేర్లే ఉంటాయి. అవే పేర్లు హైదరాబాద్‌లో హోస్ట్స్ ఫైల్ ద్వారా అక్కడి ఐపీలకు దారితీస్తాయి. అందువల్ల డొమైన్ ఫోల్డర్‌ని ఆర్‌సింక్‌తో ఉన్నదున్నట్టు కాపీ కొట్టినా నడుస్తుంది.

నడుస్తుంది, కానీ కాపీతో రానివి చాలా ఉంటాయి. డీఆర్ మెషిన్లలో ఒరాకిల్ హోమ్ ప్యాచ్ స్థాయి, జేడీకే వెర్షన్, లోడ్ బ్యాలెన్సర్ మీది సర్టిఫికెట్ గడువు. వీటన్నిటికంటే ముదురు సమస్య అవతలి పార్టీల వైట్‌లిస్ట్. పేమెంట్ గేట్‌వే, బ్యూరో, ఎస్‌ఎంఎస్ ఇచ్చేవాళ్లు మన ముంబై ఐపీలనే లోపలికి రానిస్తారు. హైదరాబాద్ ఐపీలు చేర్చమని మెయిల్ పెడితే చేర్చామంటారు, తర్వాత వాళ్లు ఫైర్‌వాల్ మార్చుకున్నప్పుడు అవి మాయమవుతాయి. అందుకే డీఆర్ సైట్ నుంచి ప్రతి పార్టీకి రోజూ ఒక కనెక్షన్ పరీక్ష నడిపే చిన్న స్క్రిప్ట్ పెట్టాను. తక్కువ ఖర్చులో ఎక్కువ నిద్ర.

డ్రిల్స్ విషయానికి వస్తే, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆర్‌బీఐ ఐటీ గవర్నెన్స్ ఆదేశాల ప్రకారం కీలక వ్యవస్థలకు కనీసం ఆరు నెలలకోసారి డీఆర్ డ్రిల్ చేయాలి. ఆదివారం రెండు గంటలు లేపి, లాగిన్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి మూసేసే డ్రిల్ ఆడిటర్‌కి సరిపోవచ్చు. నా దృష్టిలో మామూలు పని దినాల్లో అక్కడి నుంచే నడిపితేనే అది డ్రిల్. నెలాఖరు బ్యాచ్ ఒక్కటి అక్కడ నడిచిందంటే ధైర్యం వస్తుంది. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లు 2024 మార్చి 2, మే 18 శనివారాల్లో నిజమైన ట్రేడింగ్‌నే కాసేపు డీఆర్ సైట్ నుంచి నడిపాయి. ఆ దారి సరైనది.

మధ్యలో చిన్న పరీక్షలకి డేటా గార్డ్‌లోని స్నాప్‌షాట్ స్టాండ్‌బై బాగుంటుంది. స్టాండ్‌బైని, అంటే డీఆర్‌లోని కాపీ డేటాబేస్‌ని, తాత్కాలికంగా రాయడానికి తెరిచి, పని అయ్యాక వెనక్కి తిప్పేయవచ్చు. ఈలోగా ముంబై నుంచి రీడో (మార్పుల చిట్టా) వచ్చి చేరుతూనే ఉంటుంది, కాకపోతే దాన్ని వెంటనే అప్లై చేయదు. అంటే సరిగ్గా అప్పుడే ముంబై పోతే లేవడానికి ఎక్కువసేపు పడుతుంది. ఇంకో జాగ్రత్త: తెరిచేముందు షెడ్యూలర్ జాబులు ఆపండి. లేదంటే మీ టెస్ట్ సర్వర్ నిజమైన కస్టమర్లకు బాకీ కట్టమని ఎస్‌ఎంఎస్‌లు పంపుతుంది.

ఆర్‌టీఓ అంటే ఎంతసేపట్లో లేస్తుందని. వెబ్‌లాజిక్ లేవడం, డేటాబేస్ మారడం నిమిషాల పని. డీఆర్‌కి పోదామా వద్దా అని తేల్చడానికే గంటలు పోతాయి. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఎన్‌ఎస్‌ఈలో ఉదయం 11:40కి ఆగిన ట్రేడింగ్ మధ్యాహ్నం 3:45కి గానీ మొదలవలేదు, డీఆర్ ఉండి కూడా అటు మారలేదు. ఆ మార్చిలోనే మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ గడువులు బిగించింది: ఘటన జరిగిన 30 నిమిషాల్లో విపత్తుగా ప్రకటించాలి, ప్రకటించిన 45 నిమిషాల్లో కీలక వ్యవస్థలు లేవాలి. మాకు ఆ రూల్ వర్తించకపోయినా ప్రకటించే గడువు ఆలోచనని మా ప్లాన్‌లో అరువు తెచ్చుకున్నాం. ఎవరు నిర్ణయిస్తారు, ఆయన ఫోన్ ఎత్తకపోతే ఎవరు అన్నది మొదటి పేజీలోనే ఉంటుంది. మనిషి ప్రమేయం లేకుండా మారిపోయే ఫాస్ట్ స్టార్ట్ ఫెయిలోవర్‌ని రెండు నగరాల మధ్య నేను ఆన్ చేయను. లింక్ కాసేపు ఊగిసలాడినంత మాత్రాన డేటాబేస్ ఊరు మారిపోతే, వెనక అప్లికేషన్ సర్వర్లు, ఐపీలు, పార్టీలు అన్నీ పరిగెత్తాలి.

మరి కొనాలా? కొత్తగా రాసే స్టేట్‌లెస్ (తమ దగ్గర ఏమీ గుర్తుపెట్టుకోని) సర్వీసులకి ఇంత బరువు అనవసరం, కంటైనర్లతో తక్కువ డబ్బుకి తేలిపోతుంది. ఎక్స్‌ఏ, జేఎంఎస్ మీద నిలబడ్డ పాత అప్లికేషన్‌ని మాత్రం ఖర్చు చూసి భయపడి కదిలించకండి. అక్కడ వెబ్‌లాజిక్ తిన్న డబ్బుకి పని చేస్తుంది. 14.1.2కి వెళ్లేవాళ్లకి ఒక్క మాట: ఆ వెర్షన్‌లో పాత అడ్మిన్ కన్సోల్ తీసేశారు, దాని బదులు రిమోట్ కన్సోల్ వాడాలి. మీ డీఆర్ రన్‌బుక్‌లో కన్సోల్ స్క్రీన్‌షాట్లు ఉంటే, అప్‌గ్రేడ్‌కి ముందే ఆ మెట్లన్నిటినీ డబ్ల్యూఎల్‌ఎస్‌టీ (వెబ్‌లాజిక్ కమాండ్ టూల్) స్క్రిప్టులుగా మార్చుకోండి. మాకు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి, వచ్చే డ్రిల్‌లోపు అవ్వాలి.