240జెడ్‌లో పెద్ద ఇంజన్: ఆర్180 ఉంచాలా, ఆర్200 వేయాలా?

పాత జపాన్ స్పోర్ట్స్ కారు డాట్సన్ 240జెడ్‌లో వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) దించాలనుకునే గోదావరి జిల్లాల మిత్రులు ముందుగా వెనక డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) సంగతి తేల్చుకోవాలి. కంపెనీ ఇచ్చిన ఆర్180లో క్రౌన్ వీల్ (లోపలి పెద్ద గేరు) వ్యాసం 180 మి.మీ., ఆర్200లో 200 మి.మీ. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ 400 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే ఇంజన్, 3.3 నిష్పత్తి ఫస్ట్ గేరు కలిస్తే పినియన్ (క్రౌన్ వీల్‌ను తిప్పే చిన్న గేరు) మీద 1,320 న్యూటన్ మీటర్లు పడుతుంది.

మన రోడ్ల మీద అసలు టెన్షన్ వేరే. కోతలప్పుడు ధాన్యం ఆరబోసిన చోట చక్రం జారి, వెంటనే తారు మీద పట్టు దొరికితే ఆ కుదుపంతా డిఫరెన్షియల్ గేరు పళ్ల మీదే.

ఆరు సిలిండర్ల ఇంజన్‌నే కాస్త ట్యూన్ చేస్తే ఆర్180 చాలు. తేలిక కూడా. సుబారు ఎస్‌టీఐ కారు నుంచి లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే ఏర్పాటు) ఉన్న ఆర్180 తెచ్చి వేసుకునేవాళ్లూ ఉన్నారు, స్టబ్ యాక్సిల్స్ (డిఫరెన్షియల్‌ను షాఫ్టులకు కలిపే పొట్టి ఇరుసులు) మాత్రం విడిగా చేయించాలి.

వీ8 అయితే నా ఓటు ఆర్200కే. బరువు ఎక్కువ, వెనక మౌంటు బార్ కూడా మార్చాలి. అయినా సరే. దాంతోపాటు డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు వెళ్లే పాత యూ-జాయింట్ హాఫ్ షాఫ్టుల బదులు సీవీ షాఫ్టులు (వంగిన కోణంలోనూ ఒకే వేగంతో తిరిగే కీళ్లున్నవి) వేయించండి, లేకపోతే తర్వాత విరిగేవి అవే. నరసాపురం వైపు ఉప్పుగాలికి మౌంట్ల దగ్గర తుప్పు పట్టిందేమో చూసుకోండి. ఇంజన్ మార్పుకు ఆర్టీవో అనుమతి ముందే తీసుకోవాలి.