డీజిల్‌కు అలవాటైన కాలు, హైబ్రిడ్ బండి

తొమ్మిదేళ్లుగా డీజిల్ బండే నడుపుతున్నాను. మొన్న నేనూ మా ఆవిడా హనుమకొండలో ఒక స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచే కారు, టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లాం. బటన్ నొక్కితే చప్పుడే లేదు. మళ్లీ నొక్కబోతే పక్కనున్న కుర్రాడు "స్టార్ట్ అయింది సార్, పోనివ్వండి" అని నవ్వాడు.

చౌరస్తా ట్రాఫిక్‌లో నా బండి అయితే క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పట్టేస్తుంది. ఇందులో క్లచ్ పెడలే లేదు. మెల్లగా కదిలేటప్పుడు మోటారే లాగుతుంది. బ్రేక్ వేసినప్పుడల్లా స్క్రీన్ మీద బాణం గుర్తు చక్రాల నుంచి బ్యాటరీ వైపు తిరుగుతుంది. అంటే ఆగే బండి శక్తితో బ్యాటరీ ఛార్జ్ అవుతోందన్నమాట, ప్లగ్ పెట్టే పని లేదు. నా బండిలో ఆ శక్తంతా బ్రేకుల వేడికే పోతుంది.

కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతూ గట్టిగా తొక్కాను. ఇంజిన్ ఒక్కసారిగా అరిచింది, ఆ అరుపుకు తగ్గ ఊపు రాలేదు. అక్కడ నా డీజిలే నయం. 2000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే టర్బో అందుకుని, ఐదుగురున్నా గుంజుకుపోతుంది. డిక్కీ కూడా దాందే పెద్దది. హైబ్రిడ్‌లో బ్యాటరీ చోటు తినేసింది, మేడారం సామాను పట్టదు.

వారానికి రెండుసార్లు హైదరాబాద్ హైవే ఎక్కేవాణ్ణి, నాకు డీజిలే చాలు. మా ఆవిడ మాత్రం తిరిగొచ్చేటప్పుడు నా బండి స్టార్ట్ చేయగానే "ఇది కారా, ట్రాక్టరా?" అంది.