కొల్లాజెన్ పౌడర్: డబ్బా మీద అంకె ఒక్కటే చూసి కొనకండి
జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పొడి ఇది, రెండు నెలలు వాడాను. ఉండ కట్టకుండా కరుగుతుంది, వాసన లేదు, అంతవరకు బాగుంది. కానీ ప్రోటీన్ 18 గ్రాములని పెద్ద అక్షరాలతో వేసి, ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకటైన ట్రిప్టోఫాన్ ఇందులో అసలు లేదన్న సంగతి ఎక్కడా రాయకపోవడం నాకు చాలా కోపం తెప్పించింది. శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు 9, ట్రిప్టోఫాన్ వాటిలో ఒకటి. వాటిలో ఒక్కటి ఆహారంలో అందకపోయినా కొత్త ప్రోటీన్ అల్లడం కుంటుపడుతుంది, అందుకే ప్రోటీన్ నాణ్యత లెక్కలో కొల్లాజెన్‌కు సున్నా మార్కులే. డబ్బా మీద వేసే ప్రోటీన్ అంకె సాధారణంగా నత్రజనిని 6.25తో గుణించి తీసేది, ఏ ఆమ్లం ఎంతుందో అది చెప్పదు. ఇందులోని అమైనో ఆమ్లాల్లో, సంఖ్య ప్రకారం, దాదాపు మూడో వంతు గ్లైసిన్ అనేదే, అదేమో శరీరమే చేసుకోగలదు! భోజనంలో మంచి ప్రోటీన్ అందుతున్నవాళ్లు అదనంగా తాగితే తాగండి, తిండికి బదులుగా మాత్రం వద్దు, ముఖ్యంగా కండ తగ్గిపోతున్న పెద్దవాళ్లకు అలా అస్సలు ఇవ్వకండి. 5కి 2 స్టార్లు.