ఫొటోలన్నీ ఒకేసారా, ఒక్కొక్కటిగానా? సాక్షి గుర్తింపులో ఏది మేలు?

చేయని నేరానికి శిక్షపడిన వాళ్ల కేసులు తిరగేస్తే పదే పదే ఎదురయ్యే కారణం, సాక్షి వేరే మనిషిని చూపించడం. అమెరికాలో డీఎన్ఏ పరీక్షతో నిర్దోషులుగా బయటపడ్డ వాళ్ల కేసుల్లో దాదాపు మూడింట రెండొంతుల్లో ఇదే జరిగింది. ఇలాంటి సాక్షి అబద్ధమాడడు. మనస్ఫూర్తిగా నమ్మి చెబుతాడు, కాబట్టే వినేవాళ్లూ నమ్మేస్తారు.

రొనాల్డ్ కాటన్ కేసే తీసుకోండి. 1984లో నార్త్ కరోలినాలో ఒక విద్యార్థినిపై అత్యాచారం జరిగింది. బతికి బయటపడితే వాణ్ణి పట్టించాలని ఆమె ఆ సమయంలోనే అతని ముఖాన్ని పట్టి పట్టి చూసింది. పోలీసులు అనుమానితుడైన కాటన్ ఫొటోతో పాటు వేరేవాళ్లవీ కలిపి ఆరు ఫొటోలు ఒకేసారి ముందు పెడితే, కొన్ని నిమిషాలు చూసి కాటన్ ఫొటో తీసింది. బాగా చేశావని మెచ్చుకున్నారు. తర్వాత మనుషుల్ని వరుసగా నిలబెట్టారు. ఇద్దరి మధ్య కాసేపు తటపటాయించి మళ్లీ కాటన్‌నే చూపింది. ఫొటోల్లోనూ వరుసలోనూ ఉన్నది అతనొక్కడే. అసలు నేరస్థుడు రెండింట్లోనూ లేడు. ఫొటోల్లో చూపించిందీ ఇతన్నేనని పోలీసులు చెప్పడంతో ఆమె తటపటాయింపు కాస్తా పోయింది. 1987లో రెండోసారి విచారణ జరిగినప్పుడు అసలు నేరస్థుణ్ణి కోర్టులో ఎదురుగా నిలబెడితే, ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది. 1995లో డీఎన్ఏ పరీక్ష నిజం తేల్చేసరికి కాటన్ జీవితంలో పదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి. ఆ తప్పు బరువును ఆమె కూడా ఏళ్ల తరబడి మోసింది.

ఇప్పుడు రెండు పద్ధతులూ చూద్దాం. అన్నీ ఒకేసారి చూపిస్తే, ఉన్నవాళ్లలో ఎవరి పోలిక దగ్గరగా ఉందా అని కళ్లు వెతుకుతాయి. అసలువాడు అందులో లేకపోయినా ఎవరో ఒకరు దగ్గరగా కనిపిస్తారు. ఒక్కొక్కటిగా చూపిస్తే పక్క ఫొటోతో పోల్చే వీలు తగ్గుతుంది, జ్ఞాపకంతోనే పోల్చుకోవాలి. 1980ల్లో మనస్తత్వ పరిశోధకులు ప్రతిపాదించిన ఈ పద్ధతిని న్యూజెర్సీ 2001లో రాష్ట్రమంతటా తెచ్చింది. ఇంగ్లండ్‌లో అనుమానితుడితో పాటు కనీసం మరో ఎనిమిది మంది వీడియోలను ఒకరి తర్వాత ఒకరివి, మొత్తం కనీసం రెండుసార్లు చూపించాకే జవాబు అడుగుతారు.

అయితే ఒక్కొక్కటిగా చూపినప్పుడు సాక్షులు ఆచితూచి చెబుతారు. తప్పుగా చూపడం తగ్గినట్టే, సరిగ్గా చూపడం కూడా కొంత తగ్గుతుందని చాలా ప్రయోగాల్లో తేలింది. దీంతో నేరస్థులు తప్పించుకుంటారన్న వాదన ఉంది. అది తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు. కానీ తప్పు మనిషికి శిక్ష పడినా అసలువాడు తప్పించుకున్నట్టే. పైగా అప్పుడు కేసు మూసేస్తారు, అతని కోసం వెతికేవాళ్లే ఉండరు. 2014లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీల నివేదిక ఈ రెండింటిలో ఒకటే మేలని తేల్చలేదు.

ఆ నివేదిక గట్టిగా చెప్పింది వేరే. ఫొటోలు చూపించే అధికారికి అనుమానితుడు ఎవరో తెలియకూడదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చేయాల్సిన మార్పు ఇదే. తెలిసిన అధికారి నోరు విప్పకపోయినా ఒక ఫొటో దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాడు, టెన్షన్‌లో ఉన్న సాక్షి దాన్ని ఇట్టే పట్టేస్తుంది. రెండోది, ఆ మనిషి వీటిలో ఉండకపోవచ్చని ముందే చెప్పడం. మూడోది, ఎంత నమ్మకంగా చెబుతున్నారో అక్కడికక్కడే సాక్షి మాటల్లోనే రాసుకోవడం, వీలైతే వీడియో తీయడం. కాటన్ కేసులో ఆ తటపటాయింపు అలా రికార్డై జ్యూరీ ముందుకు వచ్చి ఉంటే, కోర్టులో ఆమె చూపిన నమ్మకాన్ని దానితో పోల్చుకునే అవకాశమైనా ఉండేది.

ఈ మూడూ పాటిస్తే, ఫొటోలు చూపించే తీరులో నేను ఒక్కొక్కటిగా చూపడం వైపే మొగ్గుతాను. ఇవి లేకుండా ఒక్కొక్కటిగా చూపడం మాత్రం నాకు ఒకేసారి చూపడం కన్నా ప్రమాదంగా కనిపిస్తుంది. ఫొటో మారిన ప్రతిసారీ అధికారి ముఖంలో కవళిక మారే అవకాశం ఉంటుంది కదా. చిన్న స్టేషన్‌లో కేసు తెలియని మనిషి దొరకడం కష్టమంటారు. దానికీ దారి ఉంది: ఒక్కో ఫొటోనూ ఒక్కో ఫోల్డర్‌లో పెట్టి, కలిపేసి సాక్షి చేతికి ఇస్తారు. సాక్షి ఏ ఫోల్డర్ తెరిచి ఎవరిని చూస్తోందో ఎదురుగా ఉన్న అధికారికి కనిపించదు. దీనికి కావాల్సింది కొన్ని ఫోల్డర్లే.